సరంగు బాబాయ్ వలయాల కాగితాలు

ముప్పై ఏడో ఏట నేను మళ్ళీ డిగ్రీకి కట్టాను.

పోర్ట్ బ్లెయిర్‌కి ఉత్తరాన, దీవి మీదున్న మాయాబందర్ బజార్లో మాకు హార్డ్‌వేర్ షాపు ఉంది. మేకులు, నైలాను తాళ్ళు, పెయింటు డబ్బాలు, టార్పాలిన్లు, పంపు సామాను అమ్ముతాం. మా మామగారు పెట్టిన షాపు అది. మా ఆయన పొద్దున్నే ఇళ్ళు కట్టే చోట్లకు సామాను చేరవేయడానికి వెళితే కౌంటర్లో నేను కూర్చుంటాను. బేరాలన్నీ హిందీలో, ఇంట్లో మాటలు తెలుగులో. పెళ్ళయిన నాటినుంచి అదే నా దినచర్య.

అంతకు ముందు పోర్ట్ బ్లెయిర్లో బియస్సీలో చేరి, మొదటి సంవత్సరం సగంలోనే మానేశాను. అమ్మకు జబ్బు చేస్తే ఇంటికి వచ్చేశాను. నాలుగు నెలలకు అమ్మ లేచి తిరిగింది. నేను మాత్రం తిరిగి కాలేజీకి వెళ్ళలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. వెళ్ళమని కూడా ఎవరికీ తోచలేదు, నాకు సహా. తర్వాత సంబంధం వచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది.

పాప తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సాయంత్రాలు దాని లెక్కల పుస్తకం నా చేతిలోనే ఉండేది. అది ఒక లెక్క అడిగితే నేను ఆ పేజీ మొత్తం చేసేదాన్ని. ఓ రోజు విసుక్కుంది.

"అమ్మా, నా కితాబ్ నాకిచ్చెయ్. నీకంత షౌక్ ఉంటే నువ్వే మళ్ళీ చదువుకోవచ్చుగా!"

అది విసుగుతో అన్న మాటే కానీ నాలో ఉండిపోయింది. దూరవిద్యలో అయితే, ఉన్న ఊళ్ళోనే ఉండి డిగ్రీ చదవొచ్చని తెలుసుకుని, దరఖాస్తు పెట్టి, మా ఆయనకు ఆ తర్వాత చెప్పాను. ఆయన పెయింటు డబ్బా మూత బిగిస్తూ, "షాపు టైములో చదువుకో, గిరాకీ లేనప్పుడు," అన్నారు. అంతే. పుస్తకాల పార్సిల్ ఓడమీద వచ్చింది. అట్ట కాస్త తడిసింది, లోపల బాగానే ఉన్నాయి.

మొదటి అధ్యాయాలు పాత స్నేహితుల్లా అనిపించాయి. ఐదో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. పోలార్ కోఆర్డినేట్లు అని దాని పేరు. ధ్రువ నిరూపకాలు అని తెలుగులో అంటారట, నాకు అప్పుడు తెలీదు. అంతవరకు ఒక చుక్క ఎక్కడుందో చెప్పాలంటే అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత అనేవాళ్ళం. ఇక్కడ అలా కాదు. మధ్యలో ఒక చోటు పట్టుకోవాలి. అక్కణ్ణుంచి ఏ వైపు చూడాలో ఒక కోణం, ఆ వైపు ఎంత దూరం పోవాలో ఒక అంకె. కోణం పేరు థీటా, దూరం పేరు ఆర్. కోణం మారే కొద్దీ దూరం ఎలా మారాలో ఒక సూత్రం ఇస్తారు. ఒక్కో కోణానికీ లెక్కకట్టి చుక్క పెట్టుకుంటూ పోయి, అన్నీ కలిపితే ఒక వంపు వస్తుంది.

ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను కానీ అప్పుడు పది రోజులు ఆ పేజీల్లోనే తిరిగాను. చెయ్యి అలవాటుగా అడ్డానికీ నిలువుకూ పోయేది. పైగా ఈ లెక్కలకు వలయాలున్న గ్రాఫు కాగితం కావాలి. మాయాబందర్ షాపుల్లో గళ్ళ కాగితమే దొరుకుతుంది. పాప కంపాస్ తీసుకుని తెల్ల కాగితం మీద ఒకదాని బయట ఒకటి వలయాలు గీసుకోవడం మొదలుపెట్టాను. ఐదారు వలయాలయ్యేసరికి ముల్లు గుచ్చిన కంత పెద్దదై, ఒక వలయం పోయి ఇంకోదాన్ని రాసుకునేది.

ఓ మధ్యాహ్నం వాన జోరుగా కురుస్తోంది. బజారంతా ఖాళీ. నేను కౌంటర్ మీద వలయాలు గీస్తున్నాను. అప్పుడు సరంగు బాబాయ్ తాడు కోసం వచ్చాడు.

ఫెర్రీ బోటు నడిపే పెద్దను మా దగ్గర సరంగు అంటారు. ఆయన రిటైరై అప్పటికి ఎనిమిదేళ్ళు. వయసులో ఉండగా పెద్ద ఓడల్లో స్టీరింగ్ పట్టాడు, తర్వాత దీవుల మధ్య తిరిగే బోటుకు సరంగయ్యాడు. ఊళ్ళో అందరికీ సరంగు. మా నాన్నవాళ్ళూ ఆయనవాళ్ళూ కళింగపట్నం వైపు నుంచి ఒకే కాలంలో వచ్చినవాళ్ళు కాబట్టి నాకు బాబాయ్. మా వీధి చివర జెట్టీ వైపు దిగే ఎత్తు మీద చెక్క ఇల్లు.

గొడుగు మడిచి నా కాగితం వైపు వంగి చూశాడు.

"ఏటమ్మా, రాడారు గీస్తన్నావేటి?"

"రాడారు కాదు బాబాయ్. లెక్కలు."

"లెక్కలేటి! ఇది రాడారే. మజ్జిన మన జహాజు. సుట్టూ రింగులు. ఈ రింగు రెండు మైళ్ళు, ఇది నాలుగు, ఇది ఆరు. ఏ బేరింగులో ఎంత దూరంలో ఏటుందో సూసి సుక్క ఎట్టాల. బస్, అంతే కదా?"

కంపాస్ కింద పెట్టేశాను. బేరింగ్ అంటే దిక్కు, ఎన్ని డిగ్రీల వైపు ఉందో చెప్పే అంకె. పది రోజులుగా పుస్తకం చెబుతున్నది ఆయన ఒక్క గుక్కలో చెప్పాడు. ఆయనకు కావలసిన తాడు సంగతి ఇద్దరం మర్చిపోయాం.

మర్నాడు ప్లాస్టిక్ సంచిలో ఒక కట్ట తెచ్చాడు. ఓడలో రాడారు చూస్తూ గుర్తులు పెట్టుకునే కాగితాలు. నడుమ చుక్క, చుట్టూ పది వలయాలు, అంచున సున్నా నుంచి మూడు వందల అరవై దాకా అంకెలు. ఓడలో పాతవి పారేస్తుంటే తెచ్చుకుని ఇంట్లో అలమర అరల్లో పరిచాడట. నాఫ్తలీన్ ఉండల వాసన వేస్తున్నాయి. కొన్నిటి అంచులు బొద్దింకలు కొరికాయి.

"మీ పిన్ని తిట్టింది, అలమర ఖాళీ సేసీసినానని. గీసుకో."

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటో గంటన్నరో షాపులో గిరాకీ ఉండదు. ఆయన పెయింటు డ్రమ్ము మీద కూర్చునేవాడు. నేను కాలిక్యులేటర్ నొక్కి అంకె చెబితే ఆయన పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. మొదటి వంపు, ఆర్ అంటే ఒకటి ప్లస్ కాస్ థీటా.

"సున్నా డిగ్రీల్లో రెండు."

"రెండు. ఎట్టీసినాను."

"ముప్పైలో ఒకటి పాయింట్ ఎనభై ఏడు. అరవైలో ఒకటిన్నర. తొంభైలో ఒకటి."

"దగ్గిరికొస్తంది," అన్నాడు, ఏదో నిజంగా వస్తున్నట్టు.

"నూట ఇరవైలో అర. నూట ఎనభైలో సున్నా."

"సున్నా అంటే మన మీదికొచ్చీసినాది."

ఆయన చుక్క పెట్టే పద్ధతి చూడాలి. పెన్సిలు నిలువుగా పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారే తాకించేవాడు. చెరపడం ఉండదు. అటు పక్క చుక్కలు కూడా పూర్తయ్యాక నేను చేత్తో కలిపాను. ఆయన కాగితం ఎత్తి చూశాడు.

"ఇది తమలపాకు కదేటి!"

పుస్తకంలో దాన్ని హృదయాకారం అన్నారు. మా ఇద్దరికీ అది తమలపాకే అయింది.

వారం తర్వాత గొడవ వచ్చింది. సూత్రం ఒకటి ప్లస్ రెండు కాస్ థీటా. నూట ఇరవై దాకా సాఫీగా వచ్చాం. నూట యాభై దగ్గర నేను, "మైనస్ పాయింట్ డెబ్బై మూడు," అన్నాను.

ఆయన పెన్సిలు ఆపాడు. "మైనసేటి?"

"మైనస్ బాబాయ్. దూరం మైనస్‌లో వచ్చింది."

"నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగినాను. మైనస్ మైలు ఎక్కడా సూడ్లేదు. నీ మిషిన్ పాడైపోనాది."

మళ్ళీ నొక్కాను. అదే వచ్చింది. పుస్తకం తెరిచి చదివాను. దూరం ఋణమైతే ఎదురు దిశలో గుర్తించాలి అని ఒక్క వాక్యం ఉంది. దాన్ని ఎలా చెప్పాలో తెలీక లేచి నిలబడ్డాను. షాపు మధ్యలో, తాళ్ళ చుట్టలకీ పెయింటు డబ్బాలకీ నడుమ.

"ఇలా బాబాయ్. నూట యాభై వైపు మొహం పెట్టాలి. మొహం అలాగే ఉంచి వెనక్కి నడవాలి. పాయింట్ డెబ్బై మూడు."

"మొహం తిప్పకూడదా?"

"తిప్పకూడదు."

నూట యాభై అంకె మీద వేలు పెట్టి, ఆ వేలు వెనక్కి లాగి చూశాడు.

"అయితే ఆస్టర్న్ అని సెప్పవేటి! ముక్కు బేరింగు మీదే ఉంటాది, ఇంజిన్ ఉల్టా తిరుగుతాది. జెట్టీ కాడ రోజూ సేసీవోణ్ణి. దానికి మైనస్ మైలు అని పేరెట్టీసి నన్ను బెదరగొట్టీసినావు!"

ఆ తర్వాత మైనస్ వచ్చినప్పుడల్లా "ఆస్టర్న్" అని నేనంటే, ఆయన స్కేలు ఎదురువైపు తిప్పి చుక్క పెట్టేవాడు. ఆ చుక్కలన్నీ కలిపితే పెద్ద వంపు లోపల ఒక చిన్న వంపు వచ్చింది, ఆకు కడుపులో మరో ఆకులా. పుస్తకంలో ఆ బొమ్మ అంతకు ముందు నేను చాలాసార్లు చూశాను. లోపలి ఆకు ఎందుకు వస్తుందో మాత్రం ఆ రోజే తెలిసింది. వెనక్కి నడిచిన నడకంతా అదే. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం వడ్డిస్తూ మా ఆయనకూ పాపకూ ఇదంతా చెప్పాను. పాప, "అచ్ఛా," అని ఫోన్ చూసుకుంది. మా ఆయన చారు అడిగారు. అయినా నాకు కడుపు నిండిపోయింది.

మూడు రేకుల పువ్వు గీసినప్పుడు ఇంకో తమాషా. నూట ఎనభై డిగ్రీలకే పువ్వు పూర్తయింది. మిగతా సగం లెక్కకడితే చుక్కలన్నీ పాత చుక్కల మీదే పడ్డాయి. "ఒకే రూటు రెండుసార్లు తిరిగినాడు. డీజిల్ దండగ," అన్నాడు బాబాయ్. ఇనుప ఊచల కోసం వచ్చిన ఒక రాంచీ భయ్యా మా ఇద్దర్నీ చూసి, పువ్వు చూసి, ఇక్కడ చీరల డిజైన్లు కూడా వేస్తారా అని హిందీలో అడిగాడు.

ఒక్క సంగతి మాత్రం మొదటినుంచీ నన్ను కాస్త ఇబ్బంది పెడుతూనే ఉంది. మా బొమ్మల్లో ఆకు నిలువుగా నిలబడి ఉండేది. పుస్తకంలో అదే ఆకు పక్కకి పడుకుని ఉండేది. బాబాయ్‌ని అడిగాను.

"అచ్చేసినోడు కాగితం అడ్డంగా ఎట్టీసుంటాడు. సున్నా అంటే నార్త్. నార్త్ పైనే కదా ఉంటాది."

కాగితం పక్కకు తిప్పి చూస్తే రెండూ ఒకటే. సరే అనుకున్నాను. ఆ సరే అనుకోవడంలో నా బద్ధకం కూడా ఉంది. అధ్యాయం మొదటి పేజీ మళ్ళీ చదవాల్సింది, చదవలేదు. బొమ్మలు వస్తున్న సంతోషంలో ఉన్నాను.

దూరవిద్యలో ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లు ఉంటాయి. పోర్ట్ బ్లెయిర్ స్టడీ సెంటర్లో దిద్దుతారు. అందులో రెండు గ్రాఫులు అడిగారు. ఒకటి సైన్ థీటాతో తమలపాకు, రెండోది సుడి తిరుగుతూ బయటికి పోయే స్పైరల్. బాబాయ్, నేను రెండు మధ్యాహ్నాలు కూర్చుని శుభ్రంగా గీశాం. పుస్తకంలో ఉన్నట్టు ఉండాలని కాగితాన్ని పక్కకు తిప్పి అంటించాను. ఇంత చక్కటి గ్రాఫులు ఇంకెవరూ పంపి ఉండరని నా నమ్మకం.

నెల తర్వాత కవరు వచ్చింది. రెండు బొమ్మల మీదా అడ్డంగా ఎర్ర గీతలు. ఆకు తలకిందులుగా ఉందట. స్పైరల్ ఎదురు తిరిగిందట. "కోణం కొలిచే దిశే తప్పు. మొదటి పాఠం చదవండి," అని ఇంగ్లీషులో రాసి ఉంది. పదికి రెండు మార్కులు.

అప్పుడు చదివాను మొదటి పేజీ. గణితంలో సున్నా కుడివైపు ఉంటుంది, కోణం గడియారం ముల్లుకు ఎదురుగా పెరుగుతుంది. ఓడలో సున్నా పైన ఉంటుంది, అంకెలు గడియారం ముల్లుతోబాటు పోతాయి. కాస్ ఉన్న వంపులు రెండు పక్కలా ఒకేలా ఉంటాయి కాబట్టి కాగితం తిప్పితే సరిపోయింది. సైన్ వచ్చేసరికి గుట్టు బయటపడింది. మూడు నెలల్లో మేం గీసినవేవీ దిక్కు సరిగా చూడలేదు.

సరిగ్గా ఆ సమయానికే బాబాయ్ నవ్వుతూ లోపలికి వచ్చాడు. "ఏటమ్మా, ఎన్నిచ్చినారు మనకి?"

కాగితం ఆయన ముందు పెట్టాను. ఎర్ర గీతలు చూశాడు. ఇంగ్లీషు చదవలేడు. "ఏటంటాడు?"

"దిక్కు తప్పంటాడు బాబాయ్. అన్నీ ఉల్టా గీశామంటాడు. నీ రాడారుని నమ్ముకుని నా మార్కులు పోయాయి. ఇది బోటు నడపడం కాదు, చదువుకున్నవాళ్ళ లెక్క."

మాట నోరు దాటాక తెలిసింది ఏమన్నానో. కౌంటర్ దగ్గర మా ఆయన ఉన్నారు. ఒక గిరాకీ కూడా ఉన్నాడు. బాబాయ్ కాగితాన్ని జాగ్రత్తగా నా వైపు జరిపాడు. బయట ఎండగానే ఉంది, అయినా గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

గిరాకీ వెళ్ళాక మా ఆయన ఒకే మాట అన్నారు. "పుస్తకం నీ దగ్గరే ఉంది కదా."

ఆ మర్నాడు బాబాయ్ రాలేదు. ఆ వారం రాలేదు. పై వారం కూడా రాలేదు. మధ్యాహ్నం పెయింటు డ్రమ్ము ఖాళీగా ఉండేది. ఒకసారి బజార్లో ఎదురుపడబోయి పక్క సందులోకి తిరిగాడు. లేదా నాకలా అనిపించింది. సిగ్గు వల్ల నేనూ పిలవలేదు. చదువు ముందుకు సాగలేదు. కుడివైపు సున్నా పెట్టి నేనొక్కదాన్నే గీయబోతే చెయ్యి మళ్ళీ పైకే పోయేది.

రెండో ఆదివారం షాపు మూసి వాళ్ళింటికి వెళ్ళాను. ఏమనాలో దారంతా అనుకుంటూ నడిచాను. గడపలో పిన్ని చేపలు కడుగుతోంది.

"వొచ్చీసినావా, రా తల్లీ. నువ్వయినా సెప్పు ఆయనకి. పదిహేను రోజులై ఇదే పని. కళ్ళు కనబడవు, భూతద్దం ఎట్టుకుని రాస్తన్నాడు."

లోపల కిటికీ పక్కన బల్ల. బల్ల నిండా వలయాల కాగితాలు. బాబాయ్ ఒక చేత్తో భూతద్దం, ఇంకో చేత్తో నీలం పెన్ను పట్టుకుని ఉన్నాడు. అచ్చు అంకెల మీద సన్నగా గీత కొట్టి, పక్కన కొత్త అంకెలు వేస్తున్నాడు. కుడివైపు సున్నా. అక్కణ్ణుంచి పైకి పది, ఇరవై, ముప్పై. పైన తొంభై. ఎడమ నూట ఎనభై. ఒక్కో కాగితానికి ముప్పై ఆరు అంకెలు. అలాంటివి అప్పటికే ముప్పై దాకా అయ్యాయి.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"స్కూలు లెక్కల మాస్టరుని గేటు కాడ పట్టుకుని అడిగినాను," అన్నాడు తలెత్తకుండా. "మీ లెక్కల్లో సున్నా ఎటుంటాదయ్యా, ఎటు తిరుగుతాదయ్యా అని. కుడిపక్కన, ఉల్టా తిరుగుతాది అన్నాడు. నాకు ముందే తెలిస్తే నీకు రెండు మార్కులే వొచ్చీవి కాదు."

"తప్పు నాది బాబాయ్. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. నేనే చూడలేదు. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

పెన్ను మూత పెట్టాడు.

"సదువుకున్నోళ్ళ లెక్క అన్నావు సూడు, అది నిజమే. అందుకే నీ మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది."

అప్పుడు చెప్పాడు. అంతవరకు నాకు తెలీదు, ఊళ్ళో చాలామందికి తెలీదు. వయసులో ఉండగా పెద్ద బోటుకు మాస్టరయ్యే, అంటే కెప్టెనయ్యే సర్టిఫికెట్ కోసం మూడుసార్లు పరీక్షకు వెళ్ళాడట. బోటు నడిపి చూపించమంటే ప్రతిసారీ మెచ్చుకున్నారట. రాత పరీక్షలో మూడుసార్లూ పోయింది.

"ప్రశ్న సదివి సెప్తే అర్తమయ్యీది. జవాబు నా సెయ్యికి తెలుసు. రాయడం కాడికొచ్చీసరికి ఇంగ్లీషూ రాదు, హిందీ అక్షరం వంకరగా వొస్తాది. మూడోసారి బల్ల మీద తలెట్టుకుని కూకుండిపోనాను. రాసి పాసైన కుర్రోళ్ళు మాస్టర్లుగా వొచ్చినారు. గాలివానలోన బోటు తిప్పినపుడు నా పక్కన నిలబడి, సరంగూ ఎటు తిప్పమంటావు అని నన్నే అడిగీవోళ్ళు. నేను సెప్పీవోణ్ణి. సెప్పకపోతే మునిగిపోయీది మనమే కదా."

పిన్ని టీ తెచ్చి పెట్టి, ఏమీ తెలియనట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు అన్నీ తెలుసు.

"నువ్వు ఆ షాపులోన ఈ కాగితాల మజ్జిన కూకుని, ఈడొచ్చినాక మళ్ళీ పరీచ్చకెల్తానంటే, నాకు..." అని ఆగిపోయాడు. చేత్తో కాగితాలన్నీ ఒకచోటికి నెట్టి కట్ట కట్టాడు. "తీసుకో. ఇంకో పది రేపు ఇస్తాను."

ఆ కాగితాలు గుండెకు హత్తుకుని ఎత్తు దిగాను. పట్టపగలు, బజారు నడుమ, నా కళ్ళు తుడుచుకోవడం ఎవరు చూసినా నాకు లెక్కలేదు.

మర్నాటి నుంచి పెయింటు డ్రమ్ము మీద మళ్ళీ మనిషి ఉన్నాడు. ఇద్దరికీ కొత్త దిక్కు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. ఆయనకు ఎక్కువ కష్టం. తొంభై అనగానే నలభై ఏళ్ళ అలవాటుతో చెయ్యి కుడివైపు పోయేది, మధ్యలో ఆగి, "ఛత్," అనుకుని పైకి పోయేది. ఒక కాగితంలో నూట తొంభై అన్న అంకెను రెండుసార్లు వేశాడు, ఆపైన అంకెలన్నీ ఒక మెట్టు వెనకబడ్డాయి. పువ్వు రేకు వంకరగా వస్తే అరగంట వెతికి అది పట్టుకున్నాం. తన తప్పే అని తెలిశాక ఆయన నవ్విన నవ్వుకు పక్క షాపు దీదీ వచ్చి ఏమైందని అడిగింది.

పరీక్షలు డిసెంబర్లో పడ్డాయి. తెల్లవారుజాము బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాను. గోల్ ఘర్‌లో మా ఆడపడుచు ఇల్లుంది, అక్కడే ఉన్నాను. వదిన చాలా మంచిది, కానీ ప్రతి భోజనం దగ్గరా, "ఇప్పుడీ చదువుతో ఏం చేస్తావు?" అని ప్రేమగానే అడిగేది. నేను కూర బాగుందని చెప్పేదాన్ని.

హాల్లో అందరూ నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. నాలుగో ప్రశ్నలో ఆర్ అంటే రెండు ప్లస్ నాలుగు సైన్ థీటా, వంపు గీయండి అని ఉంది. కుడివైపు సున్నా పెట్టుకున్నాను. పైన తొంభైలో ఆరు. నూట ఎనభైలో రెండు. రెండు వందల పది దాటాక మైనస్‌లు మొదలయ్యాయి. రెండు వందల డెబ్బైలో మైనస్ రెండు. కిందికి మొహం పెట్టాలి, వెనక్కి నడవాలి. వెనక్కి అంటే పైకి. నాకు తెలియకుండానే కుర్చీలో ఒళ్ళు తిప్పి, మొహం ఒక వైపు పెట్టి, వీపు వెనక్కి వంచుతున్నానట. ఇన్విజిలేటర్ అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"క్యా హువా మేడమ్? తబియత్ ఠీక్ హై?"

ఒంట్లో బాగానే ఉంది, రివర్సు చేస్తున్నాను అని హిందీలోనే చెప్పాను. ఆమె నవ్వాలో వద్దో తెలీక వెళ్ళిపోయింది. లోపలి ఆకు పైవైపు, బయటి ఆకులో ఇమిడిపోయి వచ్చింది. గీత తెగకుండా ఒక్క ఊపున కలిపాను. తర్వాతి ప్రశ్న నాకసలు రాలేదు. దాన్ని వదిలేసి మిగతావి రాసి బయటికి వచ్చాను.

ఫలితం ఫోన్లో వచ్చింది. పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు, గీత దాటాను. పాప షాపులోనే గెంతింది. మా ఆయన గిరాకీకి మేకులు తూస్తూ, "మా ఆవిడ పాసయింది," అని ఆ మనిషికి చెప్పారు. అడగని మనిషికి ఆయన ఏదైనా చెప్పడం నేనదే మొదటిసారి వినడం.

బాబాయ్ ఇంటికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన సంతోషం కంటే ముందు ఇంకోటి అడిగాడు.

"ఆ కాగితం ఎనక్కిస్తారా? నువ్వు గీసింది సూడాల నేను."

"ఇవ్వరు బాబాయ్. వాళ్ళ దగ్గరే ఉంచేసుకుంటారు."

అది ఆయనకు నచ్చలేదు. అక్కడే కూర్చోబెట్టి మళ్ళీ గీయించాడు. ఈసారి పెన్సిలు నా చేతిలో. ఆయన చుక్క చుక్కా చూసి, భూతద్దం పెట్టి మళ్ళీ చూసి, పిన్నిని పిలిచి చూపించాడు. పిన్ని, "బాగుంది, ఏటిది?" అంది. ఇద్దరం చెప్పడం మొదలుపెట్టాం. ఆమె పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయింది.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉన్నాను. వారానికి మూడు రోజులు సాయంత్రం షాపు వెనక గదిలో పదకొండో తరగతి పిల్లలు ఆరుగురు లెక్కలకు వస్తారు. వదినకు ఇప్పుడు జవాబు చెప్పగలను.

కిందటి నెల బాబాయ్, పిన్ని డిగ్లీపూర్ వెళ్ళిపోయారు. వాళ్ళ చిన్నమ్మాయి వాళ్ళకు అక్కడ పొలం ఉంది. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, మా వీధి ఎత్తు ఎక్కలేకపోతోంది. బస్టాండుకి నేను, పాప వెళ్ళాం. బస్సు ఇంకా రాలేదు. పిన్ని మూటల మీద కూర్చుంది. బాబాయ్ నన్ను పక్కకి పిలిచాడు.

"ఈ ఏడాది ఏటి సదవాల?"

"త్రీ డైమెన్షన్ బాబాయ్. అంటే కాగితం మీద దిక్కూ దూరమే కాదు, పైకి కిందికి కూడా. ఎత్తు, లోతు."

"లోతు కూడానా?" ఆలోచనలో పడ్డాడు. "లోతు రాడార్లో కనబడదమ్మా. దానికి వేరే మిషను. కిందికి శబ్దం పంపుతాది, అది నేలకి తగిలి ఎనక్కొచ్చిన టైము సూసి ఇన్ని మీటర్లు అని సెప్తాది. నేను దాన్నంతగా సూడ్లేదు. ఇంకోడు సూసీవోడు."

"నాక్కూడా తెలీదు. చదవాలి."

"సదివి నాకు ఫోన్లో సెప్పు. ఆదివారం సెయ్యి, మిగతా రోజులు పొలం కాడుంటాను."

బస్సు వచ్చింది. పాప, నేను మూటలు పైకి అందించాం. పిన్నిని చెయ్యి పట్టి ఎక్కించాం. బాబాయ్ కిటికీ పక్క సీటు వెతుక్కుని కూర్చుని, తల బయట పెట్టి, బస్సు కదులుతున్నా పాపకు ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇంజిన్ మోతలో మాకు వినబడలేదు. పాప సరే సరే అని తలూపింది.